స్వరూపక్క దాచుకున్న అర మార్కు

గిన్నె బల్ల మీద పెట్టగానే నా కళ్ళద్దాలు మసకబారాయి. పంది ఎముకలు గంటల తరబడి మరిగిన చిక్కటి వాసన, మాడబెట్టిన వెల్లుల్లి నూనె వాసన, వాటి అడుగున ఎక్కడో ఎండు చేపల వాసన. డాలస్ పక్కన ప్లేనోలో ఒక కొట్ల వరుస చివర, గుమ్మానికి ఎర్ర తెర కట్టిన చిన్న జపనీస్ హోటల్ అది. రామెన్ తప్ప ఇంకేమీ అమ్మరు. అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేలోపు, ఎదురుగా కూర్చున్న మా అమ్మాయి అన్విత నాలుగు చెంచాలు తాగేసింది. “ఎలా ఉందే?” అన్నాను. “ఇట్స్ ఫైన్” అంది, ఫోన్‌లోంచి తలెత్తకుండా. నేను నోరు తెరిచేలోపే నా చెవిలో ఇంకో గొంతు పలికింది: “ఫైన్ అంటే ఏంది? ఎవరన్న ఫైన్ కట్టిన్రా?”

ఆ గొంతు స్వరూపక్కది. మొన్న చలికాలంలో ఆమె పోయింది. సంతాప సభలో ఆమె భర్త నర్సింహ బావ మైకు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చాడు. “చాలా మంచి మనిషండీ” అన్నారొకరు. “అంత మంచి మనిషిని చూడలేదు” అన్నారు ఇంకొకరు. అందరూ కళ్ళనీళ్ళతోనే అన్నారు, అబద్ధమేమీ కాదు. నా వంతు వచ్చింది. మైకు అందుకుని అలాగే పక్కవాళ్ళకు ఇచ్చేశాను. ‘మంచి మనిషి’ అన్న మాటను స్వరూపక్క దగ్గరికి తీసుకెళ్తే మార్కులు వెయ్యకుండా వెనక్కి పంపేది. ఎక్కడ మంచి, ఎంత మంచి, ఏం చేస్తే మంచి అని అడిగేది. ఆమెను ఎన్నడూ చూడనివాళ్ళ కోసం ఆ మంచి ఎక్కడుందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

నేను హెచ్ వన్ వీసా మీద ఇర్వింగ్ వచ్చి, లాస్ కొలినాస్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో టెస్టింగ్ టీములో చేరినప్పుడు స్వరూపక్క మా లీడ్. పుట్టింది, పెరిగింది హనుమకొండ. మీటింగులో కూర్చుంటే ఆమె ఇంగ్లీషుకు తిరుగులేదు. మీటింగు తలుపు దాటిందంటే మళ్ళీ హనుమకొండే. చేరిన మొదటి వారంలోనే నేనొక బగ్ రిపోర్టు రాశాను, పేజీ సరిగ్గా రావడం లేదని. ఆమె కుర్చీ జరుపుకుంటూ నా పక్కకు వచ్చింది. “సరిగ్గ అంటే ఏంది పిల్లా? ఏడ సరిగ్గ లేదు? ఏం నొక్కితే ఏమయింది? డాక్టరు కాడికి పోయి మంచిగ లేదంటే ఏ గోలి ఇస్తడు?” నా మొహం మాడిపోయింది. అది గమనించిందేమో, “సరే, ఆకలితోని ఏం నేర్చుకుంటవు గని నడువు, లంచ్‌కు పోదాం” అంది. అలా కారెక్కించి తీసుకొచ్చింది ఈ ఎర్ర తెర కొట్టుకే.

రామెన్ అంటే అప్పటిదాకా నాకు ప్యాకెట్ చింపి వేడినీళ్ళు పోసుకునేదే. గిన్నె వచ్చాక చూస్తే అందులో ఒక సంసారమే ఉంది. మాంసం ముక్కలు, ఉల్లికాడలు, నల్లటి నాచు కాగితం, సగం ఉడికీ ఉడకని గుడ్డు. భయం భయంగానే తిన్నాను. ఎలా ఉందని అడిగింది. మా తెనాలి మర్యాద ప్రకారం, “ఫర్వాలేదక్కా, బానే ఉంది” అన్నాను. ఆమె చేతిలోని నూడుల్స్ తినే పుల్లలు కింద పెట్టేసింది.

“పిల్లా, ఫర్వాలేదు అనేది కాలు తొక్కినోనికి చెప్పే మాట. వాడు సారీ అంటడు, నువ్వు ఫర్వాలేదు అంటవు. ఈ చారు నీ కాలు తొక్కిందా?”

నాకు నవ్వొచ్చింది కానీ ఆమె నవ్వలేదు. కళ్ళు మూసుకోమంది. మొదట నాలిక మీద ఏమొచ్చిందో చెప్పమంది. ఉప్పు, అన్నాను. తర్వాత? పాలు విరగకముందు వచ్చే కమ్మదనం లాంటిదేదో. తర్వాత? “పెదాలు అంటుకుంటున్నాయక్కా” అన్నాను, అదేదో తప్పయినట్టు. అప్పుడు ఆమె మొహం వెలిగింది. “గది! గట్ల చెప్పాలె. అది బొక్కలల్ల జిగురు. మా నాయన పాయా తాగి, మీసాలు అంటుకున్నయిరా అంటుండె. మేకకాళ్ళు రాత్రంత మరిగితే గంతే, ఈడ పంది బొక్కలు మరిగితే గంతే.” ఫర్వాలేదు అన్న మాట అడ్డు తీసేస్తే దాని వెనక ఇంత ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు.

ఇంకొక చిక్కు మిగిలింది. చిన్నప్పుడు చారన్నం చప్పుడు చేస్తూ తింటే మా నాయనమ్మ వీపు విమానం మోత మోగించేది. ఇక్కడేమో చుట్టూ అందరూ నూడుల్స్‌ను సర్రుమంటూ లాగుతున్నారు. నేను మూతి బిగించి, ఒక్కొక్క పోగూ కొరికి తింటున్నాను. “జుర్రు పిల్లా, జుర్రు. నూడుల్‌తో పాటు గాలి పోతేనే ముక్కుకు వాసన ఎక్కుతది” అంది స్వరూపక్క. రెండుసార్లు ప్రయత్నించాను, మూడోసారి కాస్త గట్టిగానే చప్పుడైంది. గల్లా వెనకున్న ముసలి యజమాని తలెత్తి నావైపు చూసి కొంచెం తల వంచాడు. ఆ సాయంత్రమే స్వరూపక్క వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి నన్ను చేర్చింది. దాని పేరు జుర్రు. డాలస్ చుట్టుపక్కల ఏ రామెన్ హోటల్ ఎలా ఉందో మార్కులతో సహా తెలుగువాళ్ళకు చెప్పడం దాని పని.

మార్కులకు ఆమె పద్ధతి ఒకటుంది. చారుకు నాలుగు, నూడుల్స్‌కు మూడు, గుడ్డుకు రెండు, మనుషులకు ఒకటి. మనుషులంటే, ఆ హోటల్‌వాళ్ళు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారు, చేతికర్ర ఊతంతో ఎవరైనా లోపలికి వస్తే ఎవరు ముందు లేస్తారు, అలాంటివి. ఏ మార్కు తగ్గినా కారణం రాయాలి. పైగా ఒకే చోట మూడు పూటలు తినేదాకా గ్రూపులో పెట్టనిచ్చేది కాదు. “ఒక్క పూట తిని తీర్పు చెప్తమా? ఆ పూట వండేటోనికి జ్వరముండె కావచ్చు, పెండ్లాంతోని కొట్లాట అయ్యుండె కావచ్చు” అనేది. ఆమెలో లోపాలు లేవని కాదు. హైవే మీద వేగంగా పోయేవాళ్ళ లెఫ్ట్ లేన్‌లో ఎద్దుబండి తోలినట్టు తోలేది, వెనకవాళ్ళు హారన్ కొడితే “పాపం, ఏం తొందరుందో” అని జాలిపడేది గానీ పక్కకు తప్పుకునేది కాదు. ఒకచోట పాటలు చెవులు చిల్లులు పడేలా పెట్టారని, ఒక్క పూట తిండికే నాలుగు మార్కులు వేసి మళ్ళీ అటు తొంగి చూడలేదు. మూడు పూటల రూలు ఏమైందక్కా అంటే, “రూలు నాది, చెవులు నావి” అంది.

ఎర్ర తెర కొట్టంటే ఆమెకు ప్రాణం. కానీ ఎన్నిసార్లు తిన్నా తొమ్మిదిన్నరే వేసేది. ఆ అర ఎందుకు తగ్గించిందో మాత్రం రాసేది కాదు. కారణం రాయాలని నువ్వే కదా అన్నావు, దీనికి కారణమేదని ఒకరోజు పట్టుబట్టాను. చెంచా నాకుతూ తీరిగ్గా చెప్పింది. “పదికి పది వేస్తే కథ ఒడిసిందన్నట్టు. మళ్ల వచ్చుడెందుకు? ఆ అర మార్కు నా కొంగుకు కట్టుకున్న. దాని కోసమే మళ్ల వస్త.” జీన్స్ ప్యాంటు వేసుకుని కొంగు అంటుంటే నాకు నవ్వాగలేదు. ఏ కొంగక్కా అంటే, “ఉన్నదనుకో పిల్లా” అని తనూ నవ్వింది.

మా మామగారు గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర కొన్ని నెలలు ఉన్నప్పుడు ఒకసారి ఆయన్నీ తీసుకెళ్ళాం. పంది మాంసం ముట్టరు కాబట్టి కోడి చారుది చెప్పాం. ఆయన సగం తిని, కడుపు నిండిందని, మిగిలింది ప్యాక్ చేయమని అడిగారు. వడ్డించే అమ్మాయి ఎంతో మర్యాదగా, రామెన్ ప్యాక్ చేసి ఇవ్వడం కుదరదని చెప్పింది. మామగారికి రోషం వచ్చింది. “డబ్బులిచ్చింది మనం, తిండి మనది. పట్టుకెళ్తామంటే వీళ్ళకేంటమ్మా నొప్పి?” అన్నారు గట్టిగానే. నాకు అక్కడే భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. స్వరూపక్క మాత్రం ఆయన వైపు కుర్చీ తిప్పుకుంది.

“అంకుల్, పెసరట్టు మీరు ఎప్పుడు తింటరు? పెనం మీదికెళ్ళి తీసినప్పుడా, పొద్దుగాల వేసింది రాత్రికా?”

“భలేదానివమ్మా. పెసరట్టంటే పెనం మీంచి పళ్ళెంలోకి రావాలి. చల్లారితే అట్ట ముక్కే.”

“ఆ పిల్ల గదే అంటున్నది అంకుల్. ఇంటికి పోయేసరికి నూడుల్స్ చారంత తాగి ఉబ్బుతయి. మీరు రేపు తిని వీళ్ళను తిడతరు.”

ఆయన గిన్నెలోకి ఒకసారి చూసుకున్నారు. తర్వాత గిన్నె దగ్గరికి లాక్కుని, “అదీ నిజమేలే” అని తినడం మొదలుపెట్టారు. జుర్రడం ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. మార్కులెన్ని అంటే, “ఏడు. నిమ్మచెక్క ఇచ్చుంటే ఎనిమిది” అన్నారు. నేనైతే ఆ నిమ్మచెక్క మాట ఎక్కడా బయటపెట్టేదాన్ని కాదు. స్వరూపక్క ఉన్నదున్నట్టు గ్రూపులో పెట్టింది, అంకుల్ మాట, అంకుల్ మార్కు అని. ఎవరి నాలికా తక్కువది కాదనేది ఆమె లెక్క. నిజం చెప్పాలి, కారణం చెప్పాలి, అంతే.

ఆమె నాకు నిజంగా పెట్టిన పరీక్ష ఆఫీసులో జరిగింది. ఒక పెద్ద రిలీజుకు ముందు, టెస్టింగ్ అయిపోయిందా, వదలొచ్చా అని డైరెక్టర్ అడిగే మీటింగు. ఎప్పుడూ జవాబు చెప్పేది స్వరూపక్కే. ఆ రోజు, “నువ్వు చెప్పు, చూసింది నువ్వు” అని తాను గోడ పక్కన కూర్చుంది. నా వీసా ఎక్స్‌టెన్షన్ కాగితాలు అప్పుడు ఆఫీసువాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. నేను చెప్పాల్సిందేమో ఆ గదిలో ఎవరికీ నచ్చని మాట. “వి షుడ్ బి ఫైన్” అనేది నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, సిద్ధంగా లేదని చెప్పాను. పాత కస్టమర్ ఎవరైనా అడ్రస్ మార్చుకుంటే, వాళ్ళు అప్పటికే పెట్టుకున్న క్లెయిమ్ కనిపించకుండా పోతోందని, ఏది నొక్కితే ఏమవుతుందో వరసగా చెప్పాను. చివరికి డైరెక్టర్ ల్యాప్‌టాప్ మూసి, రిలీజు వాయిదా వేశాడు.

లిఫ్ట్ దగ్గర స్వరూపక్క నా చెవిలో, “ఏడున్నర” అంది.

“రెండున్నర ఎక్కడ పోయిందక్కా?”

“గొంతు వణికింది. సారీ అని మొదలువెట్టినవు. ఎవరి కాలు తొక్కినవని?”

ఆ రోజు నుంచీ సారీతో ఏ మాటా మొదలుపెట్టలేదు నేను. ఇప్పుడు ఆ టీముకు లీడ్‌ని నేనే. కొత్తగా చేరినవాళ్ళు ‘సరిగ్గా రావడం లేదు’ అని రాస్తే నా కుర్చీ దానంతటదే వాళ్ళ పక్కకు జరుగుతుంది.

తర్వాత ఆమె గొంతులో గడ్డ కనబడింది. రేడియేషన్ ఇచ్చారు. రేడియేషన్‌తో ముందు రుచి పోయింది. “నీళ్ళు, చారు, మందు, అన్ని ఒక్కటే. ఇనుప గరిటె నాకినట్టున్నది” అంది ఫోన్లో. అంత నాలికున్న మనిషికి అదే పోయిందంటే నాకు ఏడుపొచ్చింది. ఇర్వింగ్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్‌కు వచ్చేపోయేవాళ్ళకు కొదవలేదు. వచ్చినవాళ్ళు సోఫాలో ఒక అంచున కూర్చుని, “ఫర్వాలేదండీ, బానే ఉన్నారు. మొహంలో కళ వచ్చేసింది” అని, పళ్ళ సంచి బల్ల మీద పెట్టి వెళ్ళేవారు. ఆమె అందరికీ తల ఊపేది. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమె కళ్ళు కిటికీ వైపు తిరగడం నేను చూశాను.

ఒక మధ్యాహ్నం నర్సింహ బావ మందులకు వెళ్ళాడు. ఇద్దరమే ఉన్నాం. “నువ్వు చెప్పు పిల్లా,” అంది. “నేనెట్లున్న?”

ఫర్వాలేదు అనడానికి నాకు అప్పుడున్నంత తొందర ఎన్నడూ లేదు. అంటే ఆమె ఇంకొకసారి కిటికీ వైపు తిరుగుతుంది. అనకపోతే ఆ నిజం నా నోటితో నేనే చెప్పాలి.

“మెడ పక్కన చర్మం కమిలిపోయిందక్కా. పోయిన వారం కంటే బుగ్గలు లోపలికి పోయాయి. మాట చివర గాలి వస్తోంది. ఉంగరం వేలికి వదులై, దారం చుట్టుకున్నావు. కళ్ళు మాత్రం ఏం మారలేదు. మీటింగులో చూసినట్టే చూస్తున్నాయి నన్ను.”

చెప్పడమైతే చెప్పేశాను గానీ, వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. ఆమె నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

“ఇన్నొద్దులకు ఒక్కరన్న నన్ను చూసిన్రు,” అంది.

అంటూనే లేచి నిలబడి, షాలు వెతుక్కుంది. ఎర్ర తెర కొట్టుకు తీసుకుపొమ్మంది. నువ్వు తినలేవు కదక్కా అంటే, “నువ్వు తిను, నాకు చెప్పు. ఇంతకాలం నేర్పింది దేనికనుకున్నవు?” అంది. బావకు ఫోన్ చేసి చెప్పి, ప్లేనో దాకా డ్రైవ్ చేశాను. లెఫ్ట్ లేన్‌లోనే వెళ్ళమంది, మెల్లగా.

ఒకే గిన్నె చెప్పాను. ఎప్పుడూ గల్లా వదలని ఆ ముసలి యజమాని ఆమెను చూసి, ఏమీ అడక్కుండానే వేడినీళ్ళ కప్పు తెచ్చి ఆమె ముందు పెట్టి, తల వంచి వెళ్ళాడు. ఆమె రెండు చేతులతో కప్పు పట్టుకుని నావైపు ఒంగింది. “ఊఁ, మొదలు?”

“ఇవాళ ఉప్పు ముందు రాలేదక్కా. తీపి వచ్చింది. చక్కెర తీపి కాదు, ఉల్లిపాయలు బాగా మగ్గితే వచ్చేది.”

“వెనక?”

“వెనక వెల్లుల్లి. కొంచెం చేదుంది, మాడిన చేదు. అది నిలబడటం లేదు, వెంటనే చారు కడిగేస్తోంది. పెదాలు అంటుకుంటున్నాయి.”

“జుర్రు. చప్పుడు నాకు ఇనవడాలె.”

జుర్రాను. తెనాలిలో మా నాయనమ్మకు వినబడేంత గట్టిగా జుర్రాను. కన్నీళ్ళు గిన్నెలో పడుతున్నా ఆపలేదు. స్వరూపక్క కళ్ళు మూసుకుంది. ఆమె పెదాలు మెల్లగా కదులుతున్నాయి, గొంతు ఒకసారి గుటకేసింది. గుడ్డు ఎట్లుందని అడిగింది. పచ్చసొన కారిపోవడం లేదు, గట్టిపడనూ లేదు, జున్నులా వణుకుతోందన్నాను. నూడుల్స్ అడిగింది. కొరికితే మధ్యలో చిన్న పట్టు తగులుతోందన్నాను. మనుషులు అని అడిగి, నేను చెప్పేలోపే చేతిలోని కప్పు చూసుకుని నవ్వింది. తర్వాత సంచిలోంచి ఫోన్ తీసింది. ఒక్క వేలితో మెల్లగా టైప్ చేసింది. బల్ల మీద నా ఫోన్ మోగింది. జుర్రు గ్రూపులో ఆమె పేరు, ఈ కొట్టు పేరు, పక్కన పది.

“అక్కా, పదేంటి? అర మార్కు నీ దగ్గర ఉండాలి కదా?”

“ఇచ్చేసిన,” అంది స్వరూపక్క, షాలు సర్దుకుంటూ.

అప్పటికే గ్రూపులో జనం బొటనవేళ్ళు, చప్పట్లు పెడుతున్నారు. మొత్తానికి మీరు పది వేశారు మేడమ్, ఈ వీకెండే వెళ్తాం అని రాస్తున్నారు. ఆమె ఏం చెప్పిందో వాళ్ళకు తెలియదు. నేను మాత్రం గిన్నె అడుగు కనబడేదాకా తాగాను, ఒక్క చుక్క వదిలినా ఆ మాట నాకు వినబడలేదనుకుంటుందని. మళ్ళీ ఆమె అక్కడికి రాలేదు. చలికాలం వచ్చేసరికి ఎక్కడికీ రాలేని చోటికి వెళ్ళిపోయింది.

ఇదంతా తలుచుకునేలోపు నా గిన్నె మీద పొగ తగ్గింది. అన్విత చేతిలోంచి ఫోన్ తీసి పక్కన పెట్టాను. “ఫైన్ అంటే ఏంటే? కళ్ళు మూసుకుని చెప్పు” అన్నాను. మొహం ముడిచింది, కళ్ళు తిప్పింది, చివరికి మూసుకుంది. ఇంకో చెంచా తాగి కాసేపు ఆగింది.

“ఫస్ట్ సాల్టీ ఉంది అమ్మా. దెన్... వెయిట్. మై లిప్స్ ఆర్ స్టికీ. స్టిక్ అవుతున్నాయి!”

అది ఎముకల జిగురని చెప్పాను. హనుమకొండలో ఒక పెద్దాయన మీసాల గురించి చెప్పాను. అన్విత నవ్వి, మళ్ళీ తాగి, ఈసారి తనే జుర్రింది. తర్వాత నా ఫోన్ అందుకుని గ్రూపు తెరిచింది. “టెన్ ఇచ్చేయనా?”

దాని చెయ్యి గబుక్కున పట్టుకున్నాను. “వద్దు.”

“వై నాట్? ఇట్స్ సో గుడ్.”

“మళ్ళీ రావాలి కదే.”

తొమ్మిదిన్నర అని పెట్టాం. మిగిలిన అర మార్కు నేను కొంగున కట్టుకున్నాను, జీన్స్ వేసుకునే.